సౌండ్‌కార్డ్‌తో యాంప్లిఫైయర్ డిస్టార్షన్ కొలవడం: బెంచ్ సర్దుకోవడం నుంచి గ్రాఫ్ చదవడం దాకా

"అన్నా, బోర్డు కట్టాను, పాట బాగానే వస్తోంది, డిస్టార్షన్ ఎంతుందో ఎలా చూసుకోవాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికి విడిగా చెప్తుంటే ప్రతిసారీ ఏదో ఒక ముక్క జారిపోతోంది, అది కూడా చాలాసార్లు సౌండ్‌కార్డ్ కాలిపోకుండా చూసుకునే ముక్కే. అందుకే మొత్తం వరసగా ఒకచోట పెడుతున్నాను.

ఉదాహరణకి మనలో ఎక్కువమంది కట్టే ఎల్‌ఎమ్ 3886 యాంప్లిఫైయర్ చిప్ తీసుకుంటాను. ±28 వోల్ట్ల సప్లై, 8 ఓంల లోడ్ (స్పీకర్ బదులు పెట్టే రెసిస్టర్), గెయిన్ 21 (అంటే సిగ్నల్‌ని 21 రెట్లు పెంచుతుంది). ఈ వోల్టేజీకి 8 ఓంల మీద ఆ చిప్ 38 వాట్ల దాకా ఇస్తుంది. మీది ట్రాన్సిస్టర్ల బోర్డయినా పద్ధతి ఇదే, అంకెలు మారతాయంతే.

ముందే ఒక మాట. స్క్రీన్ మీద కనిపించే డిస్టార్షన్ శాతం (అసలు సిగ్నల్‌లో లేనిది ఎంత కొత్తగా చేరిందో చెప్పేది) మీ యాంప్ ఒక్కదానిది కాదు. సౌండ్‌కార్డ్, వైర్లు, లోడ్, మెయిన్స్ అన్నీ కలిసి ఇచ్చిన అంకె అది. అందులోంచి యాంప్ వాటాని విడదీయడమే అసలు పని, మిగతాదంతా ఓపిక.

1. కావలసిన సామాన్లు

- లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్. ల్యాప్‌టాప్ మైక్ సాకెట్ పనికిరాదు. అందులో మైక్ కోసం డీసీ వోల్టేజ్ ఉంటుంది, పైగా కొద్ది సిగ్నల్‌కే నిండిపోతుంది.
- 8 ఓంలు, 100 వాట్ల అల్యూమినియం బాడీ రెసిస్టర్ (బంగారు రంగులో ఉండేది), దానికి హీట్‌సింక్.
- 10 కిలోఓం, 1 కిలోఓం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, అర వాట్‌వి.
- 10 కిలోఓం వాల్యూమ్ పాట్.
- డిజిటల్ మల్టీమీటర్, సిరీస్ బల్బ్ బోర్డు (మెయిన్స్ వైరుకి వరసలో బల్బ్ పెట్టినది, షార్ట్ ఉంటే కరెంట్‌ని అదుపులో ఉంచుతుంది).
- ల్యాప్‌టాప్, ఫుల్ చార్జ్‌తో. కొలిచేటప్పుడు చార్జర్ పీకేయాలి.
- సాఫ్ట్‌వేర్: ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ చాలు. ఆర్టా అలవాటున్నవాళ్లు అదే వాడుకోవచ్చు.

ఇవన్నీ హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి ఒకసారి వెళ్తే దాదాపు దొరికేస్తాయి. చిప్ మాత్రం నమ్మకమున్న చోట కొనండి. ఒకసారి తక్కువ ధరకి వస్తోందని ఒక షాపులో రెండు చిప్‌లు తీసుకున్నాను. ఒకటి 12 వాట్లు దాటగానే ప్రొటెక్షన్‌లోకి వెళ్లిపోయేది. తప్పు నా సోల్డరింగ్‌దేమో అనుకుని రెండు ఆదివారాలు బోర్డు మొత్తం విప్పి కట్టాను, చిప్ మార్చగానే సరిపోయింది.

2. కొలిచే ముందు యాంప్ ఆరోగ్యం

చెడిపోయిన యాంప్‌ని కొలిస్తే కార్డ్ కూడా చెడిపోవచ్చు. ఇవి అయ్యాకే ముందుకెళ్లండి:

- మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బ్ ద్వారానే. బల్బ్ ఒక్కసారి వెలిగి డిమ్ అవ్వాలి. వెలిగి అలాగే ఉండిపోతే షార్ట్ ఉన్నట్టే, వెంటనే ఆపేయండి.
- చిప్ వీపు మెటల్‌ది అయితే అది మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. మైకా వేశారా, హీట్‌సింక్‌కి తగలట్లేదా అని మీటర్‌తో చూడండి.
- అవుట్‌పుట్ దగ్గర డీసీ 50 మిల్లీవోల్ట్ల లోపు ఉండాలి.
- మెటల్ క్యాబినెట్‌కి ఎర్త్ ఉండాలి. హమ్ వస్తోందని ఎర్త్ పిన్ తీసేసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయొద్దు, ప్రాణాల మీదికొస్తుంది. హమ్‌కి వేరే మార్గాలున్నాయి, కింద చెప్తాను.
- ఇరవై నిమిషాలు ఊరికే ఆన్‌లో ఉంచి, ఏదైనా అనవసరంగా వేడెక్కుతోందేమో గమనించండి. సిగ్నలేమీ లేకుండానే అవుట్‌పుట్ దగ్గరున్న 10 ఓంల జోబెల్ రెసిస్టర్ (ఒక కెపాసిటర్‌తో కలిసి యాంప్‌ని నిలకడగా ఉంచేది) వేడెక్కితే యాంప్ ఆసిలేట్ అవుతోందని, అంటే తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తోందని అర్థం. దాన్ని చూపించే శక్తి మామూలు సౌండ్‌కార్డ్‌కి లేదు, ఆసిలోస్కోప్ ఉన్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

ట్రాన్సిస్టర్ల బోర్డయితే బయాస్ (సిగ్నల్ లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కరెంట్) కూడా ఇప్పుడే సెట్ చేసుకోండి. ఒక్కో ఎమిటర్ రెసిస్టర్ మీద 20 నుంచి 25 మిల్లీవోల్ట్లు రావాలి. 0.22 ఓంల రెసిస్టర్ మీద 22 మిల్లీవోల్ట్లంటే 100 మిల్లీయాంపియర్లు. ఇంకా ఎక్కువ పెడితే ఇంకా బాగుంటుందనుకోవద్దు. అక్కడ రెండు ట్రాన్సిస్టర్లూ కలిసి పనిచేసే ప్రాంతం పెద్దదై, అంచుల్లో వేరే రకం డిస్టార్షన్ మొదలవుతుంది. మూత పెట్టి, వేడెక్కాక ఇంకోసారి చూడండి, చల్లగా ఉన్నప్పుడు పెట్టింది వేడి మీద నిలవదు.

3. డమ్మీ లోడ్

ఆ బంగారు రంగు రెసిస్టర్ మీద 100 వాట్లని రాసి ఉంటుంది గానీ అది హీట్‌సింక్‌కి బిగించినప్పటి లెక్క. గాల్లో వేలాడదీస్తే అందులో సగం కూడా తట్టుకోదు.

క్రొకడైల్ క్లిప్‌లతో లోడ్ కలపొద్దు. ఆ ఇనుప పళ్ల కాంటాక్ట్ నిలకడగా ఉండదు, దాని డిస్టార్షన్ మీ గ్రాఫ్‌లో కూర్చుంటుంది. స్క్రూ టెర్మినల్ వాడండి. కొలత వైర్లు లోడ్ దగ్గర నుంచి కాకుండా, యాంప్ అవుట్‌పుట్ టెర్మినల్ దగ్గర నుంచి విడిగా తీసుకోండి.

4. అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే రెసిస్టర్ల జత), ఒక పెద్ద ప్రమాదం

యాంప్ అవుట్‌పుట్‌ని నేరుగా కార్డ్‌లో పెడితే కార్డ్ పోతుంది. ప్లస్ నుంచి 10 కిలోఓం, దాని చివర నుంచి గ్రౌండ్‌కి 1 కిలోఓం, ఆ రెండూ కలిసే చోటు నుంచి కార్డ్ లైన్ ఇన్‌పుట్‌కి. వోల్టేజ్ పదకొండో వంతు అవుతుంది. కార్డ్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 10 కిలోఓం ఉంటే అది కూడా పక్కన చేరి పన్నెండో వంతు అవుతుంది. శాతాలకి ఈ తేడాతో పనిలేదు.

ఇక్కడ రక్షణకి జీనర్లు (ఒక వోల్టేజ్ దాటనివ్వని డయోడ్లు) పెట్టమని చాలామంది చెప్తారు. జీనర్ తన వోల్టేజీకి రాకముందే కొద్దికొద్దిగా లీక్ అవుతుంది, అదే డిస్టార్షన్‌గా కనిపిస్తుంది. దానికన్నా లెక్కనే జాగ్రత్తగా వేసుకోండి: యాంప్ పూర్తిగా చెడిపోయి 28 వోల్ట్ల డీసీ బయటికి తోసినా ఈ విభజన తర్వాత కార్డ్‌కి చేరేది రెండున్నర వోల్ట్లే. సప్లై ±50 అయితే 10 కిలోఓం బదులు 22 కిలోఓం పెట్టుకోండి.

ఇప్పుడు ప్రమాదం సంగతి. టీపీఏ 3116 లాంటి క్లాస్ డీ (అవుట్‌పుట్‌ని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే) బోర్డుల్లో, చాలా కార్ యాంప్‌లలో, స్పీకర్ మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు. అది కూడా ఒక అవుట్‌పుట్టే. దానికి కార్డ్ గ్రౌండ్ తగిలించారా, సగం యాంప్‌ని షార్ట్ చేసినట్టే. ఏ బోర్డయినా ముందు అవుట్‌పుట్ మైనస్‌కీ సప్లై గ్రౌండ్‌కీ మధ్య డీసీ కొలవండి. సున్నా కాకుండా సప్లైలో సగమో, ఇంకేదో కనిపిస్తే ఆగండి. అలాంటి వాటికి ప్లస్‌కి ఒకటి, మైనస్‌కి ఒకటి రెండు అటెన్యుయేటర్లు కట్టి, బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లోకి (రెండు సిగ్నల్ వైర్ల మధ్య తేడాని చదివేది) ఇవ్వాలి. క్లాస్ డీ స్విచింగ్ వందల కిలోహెర్ట్జ్‌లలో ఉంటుంది కాబట్టి మధ్యలో 20 కిలోహెర్ట్జ్ పైన కోసేసే ఫిల్టర్ కూడా కావాలి, లేకపోతే వచ్చే అంకెకి అర్థం ఉండదు.

5. ముందు సౌండ్‌కార్డ్‌నే కొలవండి

ఎక్కువమంది దాటేసేది ఈ మెట్టే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే.

కార్డ్ అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌కే కలపండి, మధ్యలో యాంప్ లేకుండా. సెట్టింగ్‌లు:

- విండోస్‌లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ శాంపిల్ రేట్ 48 కిలోహెర్ట్జ్. రెండూ వేరైతే మధ్యలో జరిగే మార్పిడి చెత్తని కలుపుతుంది. ఏఎస్‌ఐఓ డ్రైవర్ (విండోస్ మార్పిడి లేకుండా కార్డ్‌తో నేరుగా మాట్లాడేది) ఉంటే అదే వాడండి.
- ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్‌లన్నీ ఆఫ్. కార్డ్ మీద గిటార్ బటన్, డైరెక్ట్ మానిటర్ ఆఫ్.
- ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీల వారీగా గడుల్లోకి విడదీసే లెక్క) పొడవు 65536. ఫ్రీక్వెన్సీని 1000 కాకుండా 999.76 హెర్ట్జ్ పెట్టండి, అప్పుడు ఎఫ్‌ఎఫ్‌టీ గడిలో సరిగ్గా పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఫ్రీక్వెన్సీని ఎఫ్‌ఎఫ్‌టీకి లాక్ చేసే టిక్ ఉంటే అది పెట్టేస్తే చాలు.

ఇన్‌పుట్ గెయిన్‌ని మెల్లగా పెంచుతూ హార్మోనిక్స్ (ఇచ్చిన ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు... రెట్ల దగ్గర పుట్టే అదనపు సిగ్నల్స్) ఎక్కడ అన్నిటికన్నా తక్కువగా ఉన్నాయో చూడండి. ఫుల్ స్కేల్‌కి (కార్డ్ తీసుకోగల గరిష్ఠ స్థాయికి) దగ్గరైతే కార్డే వంకరపోతుంది, మరీ తగ్గిస్తే నాయిస్‌లో మునుగుతుంది. చాలా కార్డులకి ఫుల్ స్కేల్ కన్నా 6 నుంచి 10 డీబీ (డెసిబెల్స్) కింద మంచి చోటు దొరుకుతుంది. దొరికాక గెయిన్ నాబ్ మీద టేప్ అంటించేయండి.

అక్కడ వచ్చిన అంకె రాసుకోండి. 0.003 శాతం వచ్చిందనుకోండి, ఆ బెంచ్ మీద 0.01 శాతం యాంప్‌ని ధైర్యంగా కొలవచ్చు, 0.002 శాతం యాంప్‌ని కొలవలేరు. అయితే ఇందులో ఒక మోసం ఉంది. కార్డ్ రెండో హార్మోనిక్, యాంప్ రెండో హార్మోనిక్ ఎదురెదురు దిశల్లో ఉంటే ఒకదాన్నొకటి చంపేసుకుని, రెండిటికన్నా తక్కువ అంకె వస్తుంది. "నా యాంప్ కార్డ్ కన్నా క్లీన్‌గా ఉంది" అని స్క్రీన్‌షాట్ పంపేవాళ్ల కథ చాలాసార్లు ఇదే.

కనిపెట్టడం తేలిక. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ అయితే రెండు సిగ్నల్ వైర్లని తారుమారు చేసి మళ్లీ కొలవండి. రెండో హార్మోనిక్ మారిందంటే అందులో కార్డ్ వాటా ఉన్నట్టే. మూడు, అయిదు లాంటి బేసి హార్మోనిక్స్ విషయంలో ఈ చిట్కా పనిచేయదు.

6. యాంప్‌ని కలిపి లెవెల్ పెట్టడం

కార్డ్ అవుట్‌పుట్ నుంచి వాల్యూమ్ పాట్, అక్కడి నుంచి యాంప్ ఇన్‌పుట్. గెయిన్ 21 కాబట్టి 1 వాట్‌కి యాంప్‌కి కావలసింది 0.135 వోల్టే. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో తగ్గించి తెచ్చుకుంటే కార్డ్ నాయిస్ అలాగే ఉండి సిగ్నల్ మాత్రం చిన్నదవుతుంది, అందుకే పాట్‌తో తగ్గించాలి.

మల్టీమీటర్‌తో ఇంకో చిక్కు. మామూలు మీటర్ల ఏసీ రేంజ్ 400 హెర్ట్జ్ దాకానే నమ్మకంగా చదువుతుంది. కాబట్టి 200 హెర్ట్జ్ సైన్ పెట్టి వోల్టేజ్ సెట్ చేసుకుని, తర్వాత 1 కిలోహెర్ట్జ్‌కి మారండి.

8 ఓంల మీద గుర్తుంచుకోవలసినవి:

- 10 మిల్లీవాట్లు: 0.283 వోల్ట్లు
- 1 వాట్: 2.83 వోల్ట్లు
- 10 వాట్లు: 8.94 వోల్ట్లు
- 30 వాట్లు: 15.5 వోల్ట్లు

పది వాట్ల దగ్గర కూడా ఈ చిప్ దాదాపు 18 వాట్ల వేడి పుట్టిస్తుంది. చిన్న హీట్‌సింక్ అయితే కొలిచి వెంటనే తగ్గించేయండి.

7. కొలతల వరస

ఈ వరస మార్చొద్దు, ఎందుకంటే ఒక్కో మెట్టు తర్వాతి మెట్టుకి దారి.

మొదట సిగ్నల్ లేకుండా, యాంప్ ఇన్‌పుట్ షార్ట్ చేసి. నాయిస్, హమ్ ఎంతుందో ఇక్కడే తేలిపోతుంది.

రెండు, 1 కిలోహెర్ట్జ్, 1 వాట్. ఇది మీ ఆధారం. నిజానికి ఇంట్లో మనం వినేది ఎక్కువసేపు ఇంతకన్నా తక్కువలోనే.

మూడు, అదే ఫ్రీక్వెన్సీలో 10 మిల్లీవాట్లు, తర్వాత 10, 30 వాట్లు.

నాలుగు, 10 వాట్ల దగ్గర 20, 50 హెర్ట్జ్, ఆపైన 6 కిలోహెర్ట్జ్. ఆరే ఎందుకంటే దాని రెండు, మూడు హార్మోనిక్స్ 12, 18 కిలోహెర్ట్జ్‌లో పడతాయి, కార్డ్‌కి కనిపిస్తాయి. 10 కిలోహెర్ట్జ్‌లో కొలిస్తే మూడోది 30 దగ్గర ఉంటుంది, 48 కిలోహెర్ట్జ్ శాంపిలింగ్‌కి అది కనబడదు, అంకె అందంగా వస్తుంది, అబద్ధంగా వస్తుంది.

అయిదు, 19, 20 కిలోహెర్ట్జ్ రెండూ సమానంగా కలిపి. ఇప్పుడు 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 18 దగ్గర ఏం పుట్టిందో చూడండి. పై ఫ్రీక్వెన్సీల్లో యాంప్ పనితనం ఈ టెస్ట్‌లో బయటపడినంత తేటగా ఇంకెక్కడా బయటపడదు. దీన్ని ఎక్కువసేపు నడపొద్దు. జోబెల్‌లో కెపాసిటర్ 100 నానోఫారడ్ అయితే, 20 కిలోహెర్ట్జ్ ఒక్కటే 15.5 వోల్ట్ల దగ్గర నడిపితే ఆ 10 ఓంల రెసిస్టర్‌లో 0.37 వాట్లు ఖర్చవుతాయి, పావు వాట్‌ది పెట్టి ఉంటే మాడిపోతుంది. రెండు వాట్ల రెసిస్టర్ వేసుకోండి.

8. గ్రాఫ్ చదవడం, రిపేర్

ముందు శాతాలూ డీబీలూ: 0.1 శాతం అంటే మైనస్ 60, 0.01 అంటే మైనస్ 80, 0.001 అంటే మైనస్ 100.

అడుగున కనిపించే గడ్డి లాంటి గీతని నాయిస్ అనుకోవద్దు. 65536 పొడవుకి నాయిస్ 32768 గడుల్లోకి పంచుకుంటుంది, అంటే 45 డీబీ కిందకి దిగి కనిపిస్తుంది. గ్రాఫ్‌లో మైనస్ 140 ఉంటే అసలు నాయిస్ మైనస్ 95 దగ్గర ఉన్నట్టు.

50, 150, 250 హెర్ట్జ్ దగ్గర ముళ్లు: ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం తగులుతోంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని పట్టుకుని మెల్లగా తిప్పుతూ గ్రాఫ్ చూడండి, ఒక కోణంలో తగ్గిపోతుంది, అక్కడ బిగించండి. (తిప్పేటప్పుడు మెయిన్స్ వైపు జాయింట్లన్నీ స్లీవ్ వేసి ఉండాలి.)

100, 200, 300 దగ్గర ముళ్లు: రెక్టిఫైయర్ చార్జింగ్ కరెంట్ గ్రౌండ్‌లో కలుస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్, రెండు ఫిల్టర్ కెపాసిటర్ల గ్రౌండ్ ముందు ఒకచోట కలవాలి. అక్కడి నుంచి ఒకే వైరు స్టార్ పాయింట్‌కి (గ్రౌండ్ వైర్లన్నీ కలిసే చోటుకి) రావాలి.

1 కిలోహెర్ట్జ్‌కి రెండు పక్కలా 900, 1100: సప్లై రిపుల్ సిగ్నల్‌లోకి వస్తోంది. చాలామటుకు క్లిప్పింగ్ (సప్లై చాలక సిగ్నల్ కొసలు తెగిపోవడం) దగ్గరపడ్డప్పుడు. సాయంత్రం పూట మెయిన్స్ వోల్టేజ్ పడిపోయే ఊళ్లలో పొద్దున 30 వాట్లిచ్చిన యాంప్ రాత్రి 25కే కోసేస్తుంది, కాబట్టి కొలిచినప్పుడు సప్లై వోల్టేజ్ ఎంతుందో కూడా చూడండి.

రెండో హార్మోనిక్ ఒక్కటే పొడుగ్గా: దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. క్లాస్ ఏబీలో (మన చిప్ నడిచే పద్ధతి ఇదే) ప్లస్ సప్లై వైరులో సగం వేవ్, మైనస్ వైరులో మిగతా సగం పారుతుంది. ఆ సగం వేవ్‌లు పక్కనున్న ఇన్‌పుట్ వైరులోకి ప్రేరణ ద్వారా దూరితే రెండో హార్మోనిక్ పుడుతుంది. నా బోర్డులో ఎడమ చానల్ మైనస్ 98 డీబీ ఉంటే కుడి చానల్ మైనస్ 81 చూపించింది. చిప్ మారుద్దామనుకుని మూత తీశాను. సప్లై వైర్లు రెండూ విడివిడిగా, ఒకటి ఇన్‌పుట్ సాకెట్ వెనక నుంచి తిరిగి వస్తోంది. యాంప్ నడుస్తుండగానే ప్లాస్టిక్ పెన్‌తో ఆ వైరుని రెండు సెంటీమీటర్లు పక్కకి నెట్టాను, స్క్రీన్ మీద ఆ ముల్లు నా కళ్లముందే దిగిపోయింది. మూడు సప్లై వైర్లనీ జడలా అల్లి అటు గోడకి కట్టేశాక మైనస్ 97. ఖర్చు ఒక కేబుల్ టై.

10 మిల్లీవాట్ల దగ్గర 3, 5, 7, 9 హార్మోనిక్స్ దువ్వెన పళ్లలా: క్రాసోవర్ డిస్టార్షన్ (వేవ్ ప్లస్ సగం నుంచి మైనస్ సగానికి మారేచోట పుట్టేది), బయాస్ చాలట్లేదు. ఇది లెవెల్ తగ్గించేకొద్దీ శాతంగా పెరుగుతుంది, చెవికి గరగరమని తెలుస్తుంది.

20 హెర్ట్జ్‌లో మాత్రమే మూడోది పెరగడం: ఫీడ్‌బ్యాక్‌లో గ్రౌండ్‌కి వెళ్లే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ చిన్నదై ఉంటుంది. 22 మైక్రోఫారడ్ తీసి 220 పెట్టండి. ఇన్‌పుట్ కెపాసిటర్ సిరామిక్ అయితే దాన్ని ఫిల్మ్‌కి మార్చండి.

ఒక్కసారిగా అడవిలా మొలిస్తే: క్లిప్పింగ్. తగ్గించండి.

9. ఈ కొలతలు ఎక్కడ ఆగిపోతాయి

ఇంత కష్టపడి కొలిచాక ఆ అంకెని ఎంతవరకు నమ్మాలో కూడా తెలియాలి.

టీహెచ్‌డీ (మొత్తం హార్మోనిక్ డిస్టార్షన్ శాతం) అన్ని హార్మోనిక్స్‌నీ ఒకే తక్కెడలో తూస్తుంది, చెవి అలా తూయదు. రెండోది, మూడోది అసలు స్వరానికి దగ్గరగా ఉండి దాని నీడలో దాగిపోతాయి, ఏడు, తొమ్మిది దూరంగా పడి విడిగా వినిపిస్తాయి. 1950లోనే బీబీసీ ఇంజనీర్ షార్టర్ ప్రతి హార్మోనిక్‌నీ దాని సంఖ్య వర్గాన్ని నాలుగుతో భాగించి గుణించాలని ప్రతిపాదించాడు. ఆ లెక్కన రెండోదానికి 1 అయితే ఏడోదానికి పన్నెండు రెట్లకి పైనే. అందుకే 0.05 శాతం రెండో హార్మోనిక్ ఉన్న యాంప్ హాయిగా వినిపించొచ్చు, 0.02 శాతం క్రాసోవర్ ఉన్నది చిన్న వాల్యూమ్‌లో చికాకు పెట్టొచ్చు. అంకె ఒక్కటే చూడకండి, ముళ్ల వరస చూడండి.

డమ్మీ లోడ్ స్పీకర్ కాదు. స్పీకర్ ఇంపెడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, 8 అని రాసినది కొన్నిచోట్ల 6కీ అంతకన్నా కిందకీ దిగుతుంది, కరెంట్ వోల్టేజ్‌తో కలిసి నడవదు. 8 ఓంల మీద అంతా బాగున్నాక 4 ఓంల మీద కూడా ఒకసారి కొలిస్తే యాంప్ ఎక్కడ ఆయాసపడుతుందో కొంత తెలుస్తుంది. ప్రొటెక్షన్ సర్క్యూట్ తొందరపడి అడ్డుపడటం మాత్రం అసలు స్పీకర్‌తోనే బయటపడుతుంది.

ఇంకోటి, బాస్‌లో గట్టిగా వాయించినప్పుడు స్పీకరే ఒక శాతం దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ డిస్టార్షన్ చేస్తుంది. 0.003ని 0.001 చేయడానికి నెల రోజులు పెట్టే బదులు హమ్, క్లిప్పింగ్, వైరింగ్ సరిచేసుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. మార్కెట్‌లో అంకెల పోటీ చూసి టెన్షన్ పడొద్దు.

రెండు యాంప్‌లని విని పోల్చాలంటే: స్పీకర్ టెర్మినల్ దగ్గర 200 హెర్ట్జ్‌తో వోల్టేజ్ కొలిచి రెండిటినీ ఒక శాతం తేడాలోకి తీసుకురండి. కాస్త గట్టిగా ఉన్నదే బాగున్నట్టు వినిపిస్తుంది కాబట్టి ఇది తప్పనిసరి. స్విచ్ ఇంట్లో ఇంకొకళ్ల చేతికివ్వండి, ఏది నడుస్తోందో మీకు చెప్పొద్దనండి, కనీసం పదహారుసార్లు చేసి కాగితం మీద రాయమనండి.

10. నోట్‌బుక్‌లో రాయవలసినవి

- తేదీ, టైమ్, మెయిన్స్ వోల్టేజ్, లోడ్ పడినప్పుడు సప్లై వోల్టేజ్
- లోడ్ ఎన్ని ఓంలు, ఏ చానల్
- ఫ్రీక్వెన్సీ, వోల్ట్లు, వాట్లు
- శాంపిల్ రేట్, ఎఫ్‌ఎఫ్‌టీ పొడవు
- అదే లెవెల్‌లో కార్డ్ ఒక్కదాని అంకె
- రెండు నుంచి తొమ్మిది దాకా ఒక్కో హార్మోనిక్ విడివిడిగా
- గత కొలత తర్వాత బోర్డులో ఏం మార్చారు, ఒక్కసారికి ఒక్కటే మార్చాలి

నా పుస్తకంలో ఆ రోజు ఎంట్రీ ఇలా ఉంది: "కుడి చానల్, 8 ఓంలు, 1 కిలోహెర్ట్జ్, 10 వాట్లు. మెయిన్స్ 226, సప్లై 27.4. రెండోది మైనస్ 81. సప్లై వైర్లు అల్లాక మైనస్ 97. చిప్ మార్చలేదు."